ద్వారక రాళ్ళ మధ్య కాపలా చేప

మా చిన్నప్పుడు... ద్వారకలో సముద్రం వెనక్కి తగ్గిన వేళ, రాళ్ళ గుంటలో ఒక చేపను చూశాం. అరచేతిలో పట్టేంత చేప... ఒంటినిండా నల్లటి చారలు.

అమ్మ పోయిన ఏడాది అది. నాన్నది సూరత్‌లో మగ్గాల కార్ఖానాలో పని. మాకు దర్శనం చేయించి, ఆ తర్వాత చెల్లెలినీ నన్నూ తనతో సిరిసిల్ల తీసుకుపోవాలని మా మేనత్త వచ్చింది. ద్వారకకు నాన్న కూడా వెంట వచ్చాడు. బట్టల మూట అప్పటికే కట్టి ఉంది... మమ్మల్ని నాన్న దగ్గరే ఉంచమని స్వామికి మొక్కుకున్నాను.

చేపను తీర్థం చెంబులో ఇంటికి పట్టుకుపోదామని చెల్లెలు నీళ్ళలో చెయ్యి పెట్టింది. అది పారిపోలేదు... ఎదురొచ్చి వేలు కొరికింది. వెనక రాయికి ఊదారంగు గుడ్లు, గసాలు అద్దినట్టు అంటుకుని ఉన్నాయి. పీత దగ్గరికొస్తే తరిమేది... మళ్ళీ వచ్చి రెక్కలతో గుడ్లకు నీళ్ళు విసిరేది.

"తల్లి ప్రేమ సూడుండ్రి" అంది అత్త.

పక్కన వల బాగుచేసుకుంటున్న ముసలాయన నవ్వాడు. "మా నథీ బెన్... బాప్ ఛే."

తల్లి కాదమ్మా, తండ్రి అని. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుందట... పిల్లలు బయటికొచ్చేదాకా మగదే కాపలా. తిండికైనా దూరం పోదట. ఆ రోజుల్లో దాని ఒంటి రంగు కూడా ముదిరిపోతుందట.

నాన్న ఆ గుంట దగ్గరే కూర్చుండిపోయాడు. నీళ్ళు మళ్ళీ ఎక్కుతున్నా లేవలేదు. చివరికి, పిల్లల్ని పంపనని మెల్లగా చెప్పాడు.

అత్తకు ఒళ్ళు మండింది. "చేపను జూసి బుద్ధి తెచ్చుకుంటవారా? దానికి జడలెయ్యాల్నా, పెండ్లిళ్ళు జెయ్యాల్నా?"

"జడలు నేర్సుకుంట అక్కా."

నేర్చుకున్నాడు. మొదటిరోజు మా రిబ్బన్లకు, మగ్గం మీద తెగిన పోగులు అతికే ముడి వేశాడు... ఆయన చేతికి అదే అలవాటు. సాయంత్రం ఎంత లాగినా ఊడలేదు. పక్కింటి పెద్దమ్మ నవ్వుకుంటూ కత్తెరతో కోసింది. రాత్రి పాళీ చేసి వచ్చి, కళ్ళు వాలిపోతున్నా, మమ్మల్ని బడికి పంపాకే పడుకునేవాడు.

నాన్న ఇప్పుడు లేడు. మా ఆయన పోయాక నేనూ నా పిల్లలిద్దరినీ ఒంటిగానే పెంచాను... ఇప్పుడు మనవలు. పొద్దున్నే లేవాలంటే ఒళ్ళు మాట వినదు.

సూరత్‌లో మా డిండోలి పేటలో ఈమధ్య తల్లో తండ్రో పోతే, కర్మలు కాకముందే పిల్లలకు హాస్టల్ వెతుకుతున్నారు. తప్పు పట్టలేను... ఎవరి ఓపిక ఎంతో ఆ దేవుడికి తెలుసు.

మిమ్మల్ని ఎవరికీ ఇవ్వకుండా తమ దగ్గరే ఉంచుకున్నవాళ్ళు ఉంటే, వాళ్ళ గురించి ఇక్కడ రాయండి... పూజయ్యాక కాసేపు కూర్చుని చదువుకుంటాను.