నానమ్మ దెబ్బల పేరు

నా చిన్నప్పుడు మా తాతను చూడడానికి మనుషులు వచ్చేవారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. నాన్న ఉద్యోగం కోసం నల్గొండ పల్లె నుంచి వచ్చి, తాతనూ నానమ్మనూ కూడా తెచ్చుకున్నాడు. తాత వయసులో ఉన్నప్పుడు ఊరి దొరకు ఎదురు తిరిగినవాడు. తప్పించుకుపోయిన స్నేహితులు ఎక్కడ దాక్కున్నారో చెప్పమని దొర మనుషులు ఆయనను గడీలో కట్టేసి, అరికాళ్లు పగిలేలా కొట్టి, రెండు వేళ్ల గోళ్లు పీకారు. ఆయన చెప్పలేదు. ఆ గోళ్లు మళ్లీ సరిగ్గా మొలవలేదు.

పక్కింట్లో గుంటూరు వైపు నుంచి వచ్చిన లెక్చరర్ గారు ఉండేవారు. తాతంటే ఆయనకు ఎంతో గౌరవం. సెలవు రోజుల్లో తన విద్యార్థులను వెంటబెట్టుకొచ్చి తాత చేత ఆ కథ చెప్పించేవారు. 'చిత్రహింస' అన్న మాట నేను మొదట విన్నది ఆయన నోటనే. అది నాకు తెగ నచ్చింది. మా తాతను చిత్రహింసలు పెట్టారు తెలుసా అని బడిలో చెబితే పిల్లలు నోళ్లు తెరిచి వినేవారు. ఏదో పతకం నాకే వచ్చినట్టుండేది.

నానమ్మ గురించి చెప్పుకోవడానికి మాత్రం నాకేమీ దొరకలేదు. ఆమెకు ఎడమ చెవి వినబడదు. ఒకటి అడిగితే ఇంకొకటి తెచ్చేది. నా స్నేహితురాళ్ల ముందు 'ఆఁ? ఏందే?' అని మళ్లీ మళ్లీ అడుగుతుంటే నాకు నామోషీగా ఉండేది.

ఒక ఆదివారం లెక్చరర్ గారు ఇద్దరు విద్యార్థులతో వచ్చారు. తాత కథ ముగిసింది. చాయ్ తెచ్చిన నానమ్మను ఆయన మంచినీళ్లు అడిగారు. ఆమె లోపలికెళ్లి చక్కెర డబ్బా తెచ్చి ముందు పెట్టింది. విద్యార్థులిద్దరూ నవ్వు ఆపుకోవడం చూసి నాకు తల కొట్టేసినట్టయింది.

"మా నానమ్మను గూడ దొర మనుషులు కొట్టిన్రు సార్. అందుకే చెవి పోయింది. ఆమెకు గూడ చిత్రహింసే!" అనేశాను.

నాకెవరూ చెప్పిన మాట కాదది. నోటికొచ్చింది, అన్నాను.

లెక్చరర్ గారు లేచి నిలబడి నానమ్మకు చేతులు జోడించారు. "అమ్మా, ఇన్నాళ్లూ మాకు చెప్పనే లేదేమండీ?" అన్నారు. ఆమెకు అర్థం కాక నా వైపు చూసింది. ఆమె కుడి చెవిలో ఆ అబద్ధాన్ని గట్టిగా మళ్లీ చెప్పవలసి వచ్చింది. నానమ్మ తాత వైపు చూసింది.

తాత తలూపితే అక్కడితో అయిపోయేది. ఆయన తలూపలేదు.

"గది దొర మనుషులు చేసింది కాదు సార్," అన్నాడు. "నేను కొట్టిన."

లెక్చరర్ గారు తడబడ్డారు. "అంత నరకం పడి వచ్చారు కదండీ. ఆ బాధే మీ చేత అలా చేయించి ఉంటుంది. ఒక విధంగా అదీ చిత్రహింసలో భాగమే."

"గట్లనకుండ్రి సార్. దీనికి గా పేరు పెడితే నేను తప్పించుకున్నట్టయితది. వాళ్లకు నా నోట్లకెల్లి ఒక్క మాట కావాలె. చెప్తే ఇడిచిపెడుదురు. మరి నా పెండ్లాం తాన నాకేం కావాలె? కూర చల్లగున్నదని కొట్టిన, వేడిగున్నదని కొట్టిన. ఏం చెప్తే ఆగుతనో దానికేం ఎరుక, నాకే ఎరుకలేకపాయె."

నానమ్మకు ఎంత వినబడిందో తెలియదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ గడప పక్కన కూలబడింది.

"ఆయనను కొట్టింది పగోళ్లు బిడ్డా. ఊరంత ఆయన దిక్కే ఉండె," అంది లెక్చరర్ గారితో. "నన్ను కొట్టింది నా ఇంటాయన. ఎవలకు చెప్పుకోవాలె? చెవికి గొళ్లెం తాకిందని చెప్పిన. ఆయన దెబ్బలకు మీరు పెద్ద పేరు పెట్టిన్రు. నా దెబ్బలను సంసారమన్నరు."

వాళ్లు చాయ్ తాగకుండానే వెళ్లిపోయారు. నేను మంచం వెనక దూరాను. తాత చేసిన పనికి సిగ్గు. ఆమె పోయిన చెవిలో నుంచి కూడా ఒక పతకం పుట్టించుకోబోయినందుకు అంతకన్నా సిగ్గు. చీకటి పడే వేళకు నానమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏడుస్తవెందుకే? నువ్వు కొట్టినవా?"

"నిన్ను చూసి సిగ్గుపడ్డ నానమ్మా," అన్నాను. ఆమెకు వినబడలేదు. రెండోసారి గట్టిగా చెప్పడం మొదటిసారి కన్నా ఎంతో కష్టమైంది. ఆమె నా తల నిమిరి, "ఇగ నుంచి కుడి దిక్కు కూసోని మాట్లాడు, గంతే," అంది.

ఆ తరువాత ఎవరైనా గడీ కథ చెప్పమంటే తాత, "ముందుగాల ఆమె చెప్పేది ఇనుండ్రి" అనేవాడు. వినడానికి ఆగినవాళ్లు తక్కువ. ఈనాటికీ ఆయన వేళ్లను తలచుకుంటే గర్వంగానే ఉంటుంది, అదే చేతిని తలచుకుంటే తల వంగిపోతుంది. ఆ రెండింటిలో ఒకదానితో ఇంకొకదాన్ని నేను కొట్టేయలేకపోయాను.

ఇప్పుడు నానమ్మ పడ్డదానికి గృహహింస అన్న పేరు వచ్చింది, చట్టం వచ్చింది. ఎవరైనా తాము పడ్డ కష్టం చెబుతుంటే నేను గౌరవంగానే వింటాను. కానీ వింటూ వింటూనే, ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అడగని మనిషి ఎవరా అని నా కళ్లు వెతుకుతాయి.