పాత కెప్టెన్ కోసం పోయిన మీసం

ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నం నుంచి అంతరిక్షానికి వెళ్లాలంటే సాగర్ రోడ్డు మీది సెలూన్ ఒక్కటే దారి. ఆదివారం పొద్దున అక్కడి టీవీలో తెలుగు మాటలు పెట్టిన విదేశీ సీరియల్ ఒకటి వచ్చేది. ఒక పాత వ్యోమనౌక, దానికో కెప్టెన్, వారానికో గ్రహం. అదెన్నేళ్లు నడిచిందో లెక్క తెలియదు గానీ (చిన్నప్పుడు చూసినవాళ్లు తమ పిల్లల్ని కటింగుకు తెచ్చేదాకా నడిచింది), మధ్యలో కెప్టెన్‌ను మార్చేశారు. బుగ్గలు లోపలికి పోయి మా మేనమామలా ఉండే పాతాయన పోయి, ఛాతీ విరుచుకుని నడిచే కుర్రాడు వచ్చాడు. కెప్టెన్ పేరు అదే, ఓడ అదే, మనిషే వేరు.

దాంతో సెలూన్‌లో రెండు పార్టీలు పుట్టాయి. సెలూన్ అన్నది కొత్తవాడి పార్టీ. శేరిగూడ కాలేజీ పిల్లలు వచ్చి అచ్చం ఆ జుట్టే కావాలని అడుగుతున్నారని ఆయన సంబరం. పక్క షాపు దర్జీని మేమంతా సూది భాయ్ అనేవాళ్లం, ఆయనా అటే. పాతాయన కోటు భుజాల దగ్గర జారుతుందనీ, కొత్తవాడి కోటులో వెతికినా ముడత కనబడదనీ ఆయన తీర్పు. పాతాయన వైపు నేనొక్కడినే. నేనెవరంటే, లెక్కల సారుకూ నాకూ పొసగక, ఇద్దరిలో ఒకరు బడి మానక తప్పదన్నప్పుడు, పెద్దాయన కదా ఉండనీ అని ఎనిమిదో తరగతిలో మానేసిన త్యాగశీలిని. అప్పటికి ట్రాక్టర్ మెకానిక్ షాపులో పని నేర్చుకుంటున్నాను. మా ఉస్తాద్‌ది ఒకటే నియమం: మూతి మీద మీసం రానివాడి చేతికి ఇంజన్ ఇవ్వడు. అప్పటిదాకా పానాలు, అంటే స్పానర్లు కడగాలి, నేలమీద పడ్డ నట్లు ఏరాలి. రెండేళ్లు ఆముదం రాసి, అద్దాన్ని అరగదీసి, పెన్సిలు గీతంత మీసం మొలిపించాను. ఉస్తాద్ వెలుతురులోకి తీసుకెళ్లి చూసి, సోమవారం ఒక రైతు ట్రాక్టర్ వస్తుంది, ఇంజన్ నువ్వే విప్పు అన్నాడు.

సరిగ్గా ఆ సోమవారానికి ముందు రోజే నోరు జారాను. జుట్టులో, కోటులో ఏముంది, గొంతు వినండి అన్నాను. పాతాయన 'భయపడకండి, దారి నేను చూస్తాను' అంటే బాపు భుజం మీద చెయ్యి వేసినట్టు ఉంటుంది, కొత్తవాడు అదే మాటంటే కండక్టర్ చిల్లర లేదన్నట్టు ఉంటుంది అని వాదించాను. సూది భాయ్ కత్తెర పక్కన పెట్టాడు.

"గంత తెలిస్తే కండ్లు మూసుకొని చెప్పు తమ్మీ. తప్పయితే మీసం తీపిచ్చుకుంటవా?"

"తీపిచ్చుకుంట," అన్నాను.

ఆ ఆదివారం సీరియల్‌లోని మంచి ముక్కలన్నీ ఏరి, పాతవీ కొత్తవీ కలిపి వేస్తున్నారు. సెలూన్ అన్న నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తడి తువ్వాలు ముఖం మీద కప్పాడు. మొదటి గొంతు వినగానే పాతాయన అన్నాను. రెండోసారీ అంతే. మూడోసారి వింటే గుండె నిండిపోయింది, కచ్చితంగా మావాడే అన్నాను. నాలుగోసారీ అదే మాట అన్నాను. తువ్వాలు తీసి చూస్తే తెర మీద ఛాతీ విరుచుకుని కొత్తవాడు. నాలుగుసార్లూ వాడేనట.

తర్వాతి ముక్కలో పాతాయన నోరు తెరిచాడు, అదే గొంతు. అప్పుడు తెలిసింది. ఇద్దరికీ తెలుగులో మాట్లాడేది ఒకే మనిషి. మూడేళ్లుగా నేను నెత్తిన పెట్టుకున్న గొంతు పాతాయనది కానే కాదు, ఎక్కడో ఒక గదిలో కూర్చుని చాయ్ తాగుతూ అందరికీ మాటలు అద్దిన మన తెలుగాయనది. సెలూన్ అన్న కత్తి తీశాడు. సూది భాయ్ నవ్వకపోవడం ఇంకా బాధ.

"జర మెల్లగ తియ్యన్నా," అన్నాడు, "పోరనికి మొదటి పంట."

సోమవారం పంటి నొప్పి అని మూతికి రుమాలు కట్టుకుని షాపుకు పోయాను. ఉస్తాద్ రుమాలు పట్టి ఒక్క గుంజు గుంజాడు. ట్రాక్టర్ వాకిట్లో నిలబడి ఉంది. జరిగిందంతా చెప్పాను. ఆయన ఆ సీరియల్ ఎన్నడూ చూడలేదు.

"గొంతు గాకపోతే మరి గా ముసలోడే ఎందుకు నచ్చిండు రా నీకు?" అని అడిగాడు.

అంతవరకూ నన్నెవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

"ఓడ ఆగిపోతే కొత్తోడు కుర్చీల కూసొని ఆర్డరిస్తడు ఉస్తాద్. పాతాయన కోటు చేతులు మడిచి తనే కిందికి దిగుతడు. ఇప్పిన నట్లు టోపీల ఏస్కుంటడు, ఒక్కటి పోనియ్యడు. అయినంక చెయ్యి తుడ్సుకొని, బర్రెను తట్టినట్టు ఓడను తడ్తడు."

ఉస్తాద్ నా నున్నటి మూతిని ఒకసారి చూశాడు. తర్వాత తన నెత్తిమీది టోపీ తీసి నా చేతిలో పెట్టాడు.

"నట్లు గిండ్ల ఏస్కో. ఒక్కటి తక్కువైనా మల్ల మీసం మొలిచేదాక ఇంజన్ ముట్టనియ్య."

మొన్న ఆ సీరియల్ అసలు భాషలో ఫోన్‌లో దొరికింది. పాతాయన సొంత గొంతు జలుబు చేసినట్టు ముక్కులోంచి వస్తోంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఓడ ఆగేదాకా కూర్చున్నాను. ఆయన చేతులు మడిచి దిగాడు, టోపీ తీశాడు. నెరిసిన మీసం దువ్వుకుంటూ నట్లు లెక్కపెట్టాను. విప్పినవి ఆరు, బిగించినవి ఐదు. ఇన్నేళ్లూ ఒక్కటి పోనివ్వడని ఊరంతా చెప్పాను. పాపం, ఆయనకు ఉస్తాద్ లేడు.