అక్క ఎదురొచ్చిన ప్రయాణం

మా తమ్ముడి ఇంట్లో ఎవరు ఊరికి బయల్దేరినా మా అక్క పెరట్లోకి వెళ్ళిపోయేది. వెళ్ళమని ఎవరూ అనరు. అనకుండానే జరిగిపోయే క్రూరత్వానికి మన ఇళ్ళలో మర్యాద అని పేరు. బావ పోయినప్పటి నుంచి ఆమె అల్లూరులో తమ్ముడి దగ్గరే ఉంటోంది. ఇంట్లో వంట, రొయ్యల గుంటల దగ్గర పనివాళ్ళకు క్యారేజీలు, మేత బస్తాలు దింపించుకోవడం, అన్నీ ఆమె మీదే నడుస్తాయి. గుంటలో రొయ్యపిల్లను వదిలే రోజు మాత్రం ఆమె గట్టు ఎక్కకూడదు. విధవ ఎదురైతే కీడట. ఆమె వండిన అన్నం పనికొస్తుంది, ఆమె ముఖం పనికిరాదు.

నేను కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. చిన్నప్పుడు నాన్న సైకిల్ మీద కూర్చోబెట్టుకుని కోవూరులో జరిగే చర్చా సభలకు తీసుకెళ్ళేవాడు. దేవుడున్నాడని ఒకాయన, లేడని ఒకాయన గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకుని, తర్వాత ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగేవాళ్ళు. రుజువు అడగడం అక్కడే నేర్చుకున్నాను. తర్వాత ఎన్నో ఏళ్ళు మూఢనమ్మకాల మీద పత్రికల్లో నిప్పులు కక్కాను. ఆ నిప్పుల్లో ఒక్కటి కూడా మా అక్కను పెరట్లోంచి వాకిట్లోకి తీసుకురాలేకపోయింది.

అరవై దాటాక ఒంటరిగా యూరప్‌లోని ప్రాగ్ నగరం చూడ్డానికి బయల్దేరాను. ఆరు వందల ఏళ్ళ నాటి గడియారం ఒకటి అక్కడ ఇంకా తిరుగుతోందని చదివి చాలాకాలంగా ఆశపడ్డాను. విమానం చెన్నై నుంచి, మంగళవారం. ముందురోజే అల్లూరు వెళ్ళాను, అక్కడి నుంచే కారులో పోదామని. మా మరదలు మంచం మీద నా పెట్టె సర్దుతూ మొదలుపెట్టింది.

“మంగళవారం ఏంది వదినా? ఇంకే వారమూ దొరకలేదా?”

“దొరికింది. ఇదే బాగుందనిపించింది.”

“నీతో మాట్లాడేదానికంటే గోడతో మాట్లాడేది మేలు. సరే, రేపు ఎదురు నేనొస్తాలే, చెంబుతో నీళ్ళు బట్టుకొని.”

“నువ్వొద్దు. అక్క వస్తుంది.”

మరదలి చేతిలో చీర మడత అలాగే ఆగిపోయింది. వంటింట్లో నిమ్మకాయ పచ్చడి సీసాకు మూత బిగిస్తున్న అక్క వచ్చి, నా రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది.

“పిచ్చా మే నీకు? ఆడ నీకేమన్నా అయితే? నువ్వు దేశం గాని దేశంలో ఉంటావు. ఈడ ఉండాల్సింది నేను. నా చేతి నీళ్ళు గూడా తాగరు.”

“ఏమీ కాదక్కా.”

“ఏం గాదని నీకెట్టా తెలుసు? నువ్వు గూడా జోస్యం జెప్పేది మొదలుబెట్టినావా?”

మొండిగా, నువ్వు రాకపోతే నేను కారెక్కనన్నాను.

మర్నాడు అక్క వచ్చింది. వీధి గేటు దగ్గర నుంచి, బొట్టు లేని ముఖంతో, ఖాళీ చేతులతో, నాకు ఎదురుగా నడిచి వచ్చింది. పైట కొంగును పిడికిట్లో బిగించుకుంది. తమ్ముడు కారు టైర్లను పరీక్షగా చూస్తూ నిలబడ్డాడు. మరదలు లోపలికి వెళ్ళిపోయింది.

“పొయిరా,” అంది అక్క.

ప్రాగ్‌లో నేను ముందు చూసింది ఆ గడియారమే. దాని మీద మేషం, వృషభం, మిథునం, అన్నీ ఉన్నాయి. పైన ఒక అస్థిపంజరం గంట కొడుతుంది. ఆ గడియారం ఆగితే ఊరికి కీడని ఒక కథ కూడా ఉందట. ఇంతదూరం వచ్చి మళ్ళీ పంచాంగం ముందే నిలబడ్డానన్నమాట! నవ్వు ఆగలేదు. తెల్లవాళ్ళంతా శాస్త్రజ్ఞులు, మనమే మూఢులం అనేవాళ్ళను తీసుకొచ్చి ఆ ఊళ్ళో నది మీదున్న పాత వంతెన పైన నిలబెట్టాలి. అక్కడ ఒక విగ్రహం కింది ఇత్తడి పలకను ముట్టుకుంటే అదృష్టమని జనం వరసకట్టి రుద్దుతున్నారు. రుద్దినచోట బంగారంలా మెరుస్తోంది. వరసలో ఉన్న ఒక విజయవాడ ఆవిడ పలకరించింది.

“ముట్టుకోండి మేడమ్, మంచిది. మళ్ళీ మళ్ళీ వస్తారట.”

“మళ్ళీ రావాలంటే టికెట్ కొనుక్కుంటానండీ.”

“అదేం పోయింది, చెయ్యి పెడితే అరిగిపోతారా?”

“నేను అరగను. అలవాటు బలుస్తుంది.”

ఆవిడ నన్ను జాలిగా చూసింది. ఆ సాయంత్రమే వాన పడింది. కోటకు వెళ్ళే రాళ్ళ వీధి వాలుగా ఉంటుంది. ఎర్రటి పెంకుల కప్పులు చూస్తూ, అరిగిన చెప్పులతో, తల ఎత్తుకుని దిగుతున్నదాన్ని జారి పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో డాక్టరు ఏ కాలు జారిందో, తలకు తగిలిందా, ఇంతకు ముందు ఎముకల జబ్బేమైనా ఉందా అని అడిగాడు. ఎవరి ముఖం చూసి బయల్దేరావని అడగలేదు.

కట్టుతో హోటల్ గదికి వచ్చి కూర్చున్నాక నొప్పి కంటే అక్క మాటే ఎక్కువ సలిపింది. ఈడ ఉండాల్సింది నేను. రోజూ అక్కా నేనూ వీడియోలో మాట్లాడుకునేవాళ్ళం. చెయ్యి కనపడకుండా ఫోను పట్టుకోవచ్చు. ఇల్లు చేరాక మా ఇంట్లోనే పడ్డానని చెప్పొచ్చు. అక్కను కాపాడ్డానికేగా అబద్ధం అనుకున్నాను. కాసేపటికి ఒళ్ళు మండింది. దాచానంటే, ఆమె ముఖానికీ నా మణికట్టుకూ ఏదో సంబంధం ఉందని నేనే సంతకం పెట్టినట్టు.

ముందు అక్కకు ఫోన్ చేసి చెప్పాను. “ఎక్కువ నొప్పిగా ఉందా?” అని మాత్రం అడిగింది. అందరికీ చెబుతానన్నాను.

“జెప్పు. ఎన్నాళ్ళు దాస్తావు?” అంది.

కుటుంబమంతా ఉండే వాట్సాప్ గుంపులో కట్టు ఫోటో పెట్టి కింద రాశాను: రాళ్ళు తడిగా ఉన్నాయి, చెప్పులు అరిగి ఉన్నాయి, నేను కింద చూడలేదు. ఇంకే కారణాలూ వెతకొద్దు.

వెతికారు. గూడూరు పిన్ని వాయిస్ మెసేజ్ అందరికంటే ముందు వచ్చింది. “మంగళవారం అన్నాము, వినలేదు. ఆ ఎదురేందో అదీ అంతే. పెద్దదానికన్నా బుద్ధుండాల.” దాని కింద దండాల బొమ్మలు వరసగా పడ్డాయి. మంగళవారం, అక్క ముఖం, విజయవాడ ఆవిడను అడిగితే ముట్టుకోని ఇత్తడి పలక కూడా. ఒక్క జారుపాటుకు ఇంతమంది హక్కుదారులైతే, పడిన నాకూ అరిగిన చెప్పులకూ వాటాయే మిగల్లేదు! ఒంటి చేత్తో జవాబు టైపు చేస్తుండగా, ఆ గుంపులో ఏనాడూ నోరు విప్పని అక్క గొంతు వినిపించింది.

“పిన్నీ, నేనే మాట్లాడుతుండా. నా మొగం జూసి పొయ్యి చెయ్యి విరగ్గొట్టుకునిందంటివే, తల పగలకుండా లేసిందే, అది ఎవురి మొగం జూసి? నువ్వు కోడలి ఎదురుతో కాశీకి పొయ్యి రైల్లో చెవి కమ్మలు పోగొట్టుకొని వచ్చినావు. ఆ బిడ్డనేమన్నా అన్నామా? ఆఁ, ఇంకోటి. దానికి ఆడ వంట జేసిపెట్టే దిక్కు లేదు. తిట్టేది ఆపి, తిన్నావా అని ఎవురన్నా అడగండి.”

కాసేపటికి మరదలు అడిగింది: “తిన్నావా వదినా?”

నేను తిరిగొచ్చాక కూడా అల్లూరులో అంతా మారిపోలేదు. పిన్ని ఆ వైపు రావడం మానేసింది. నా కట్టు విప్పకముందే తమ్ముడు కొత్తగా గుంటలో రొయ్యపిల్లను వదిలే రోజు వచ్చింది. ఉదయాన్నే క్యారేజీ నా చేతికిచ్చి అక్క ఎప్పట్లాగే పెరటి వైపు తిరిగింది. మళ్ళీ ఆగి, చెప్పులు తొడుక్కుంది.

ఇద్దరం గట్టు ఎక్కాం. గాలి నింపిన సంచులు నీళ్ళ మీద తేలుతున్నాయి, వాటిలో రొయ్యపిల్ల దుమ్ములా కదులుతోంది. తమ్ముడు కొబ్బరికాయతో నిలబడి అక్కను చూశాడు, నన్ను చూశాడు. ఆ గుంట మీద అతని ఏడాది బతుకు ఉంది. భయం కళ్ళలో కనిపిస్తూనే ఉంది. వెళ్ళిపొమ్మని మాత్రం అనలేదు.

“వైట్ స్పాట్ తెగులొచ్చి పిల్లంతా చస్తే?” అంది అక్క నాకు మాత్రమే వినిపించేట్టు.

ఏమీ కాదక్కా అనబోయి ఆగాను.

“వస్తే రావచ్చు. నీవల్ల రాదు.”

అక్క చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని గుంటలోకి దిగి, మొదటి సంచి మూతి విప్పింది.