మరక పడని ఇల్లు

అమెరికాలోని మిన్నెసోటాలో ఎవరైనా కాఫీ ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి "మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి అడిగితేనే "సరే, అర కప్పు చాలు" అని నిండు కప్పు తాగాలి. ఆర్డిస్ టాలెఫ్సన్ ఈ మర్యాదను పుట్టినప్పటినుంచీ మడి కట్టుకున్నట్టు పాటించింది.

మర్యాద తర్వాత ఆమెకు ప్రాణం శుభ్రమే. భర్త ఆర్విన్ ఊళ్లోని రసాయనాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. క్రిస్మస్‌కు అక్కడ మరకలు అంటనివ్వని స్ప్రే డబ్బాలు ఊరికే పంచేవారు. సోఫా, తివాచీ, చర్చి బల్లల మీది గుడ్డలు, చివరికి కొడుకు నెల్స్ ఉయ్యాల పరుపు, దేన్నీ ఆమె వదల్లేదు. ఊళ్లో ఏ పెళ్లికూతురికైనా ఆమె కానుక ఆ డబ్బాయే. ఒలికిన కాఫీ బొట్టుబొట్టుగా జారిపోతుంటే చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేవారు.

నెల్స్ నలభై దాటగానే కిడ్నీ క్యాన్సర్‌తో పోయాడు. ఆ స్ప్రేలోని మందు నీళ్లలో, నేలలో, ఒంట్లో చేరితే ఒక పట్టాన పోదని, క్యాన్సర్ తేవచ్చని ఫ్యాక్టరీవాళ్లకు ముందే తెలుసని తర్వాతెప్పుడో పేపర్లో వచ్చింది. మరక పోతుందని చెప్పినవాళ్లు మందు పోదని మాత్రం చెప్పలేదు. ఆర్డిస్ ఆ పేపరు మడిచి పెట్టి, చాలాసేపు ఏడ్చింది.

అలాంటి సరుకులు ఇళ్లలోకి రాకుండా చట్టం తేవాలని రాష్ట్ర రాజధాని సెయింట్ పాల్‌లో శాసనసభ సంఘం విచారణ పెట్టింది. గుడ్డల స్ప్రేల జోలికి మాత్రం రావద్దని కంపెనీ పట్టుబట్టింది. నెల్స్ కూతురు కిర్‌స్టెన్ ఆర్డిస్‌ను బతిమాలింది.

"నాన్న పరుపు సంగతి నువ్వు చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు నాన్నమ్మా?"

"నాదేముందే, పెద్దవాళ్లు చూసుకుంటారు."

"నీకన్నా పెద్దవాళ్లు ఆ గదిలో ఉండరులే, పద."

సంఘం అధ్యక్షుడు టెక్సస్ నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. "టాలెఫ్సన్ గారూ, మాట్లాడతారా?" అని అడిగాడు.

"అబ్బే, ముందు వేరేవాళ్లను కానివ్వండి."

"మీరు చెప్పేది వినాలనే ఉందండీ."

"మీ టైము పాడుచేయడం ఎందుకు లెండి."

"సరే, మీ ఇష్టం. తర్వాత ఎవరు?"

మూడోసారి అడగని మనిషిని ఆర్డిస్ జన్మలో చూడలేదు. కంపెనీ తరఫు మనిషి మాత్రం ఒక్క పిలుపుకే లేచాడు.

"మా సరుకు వల్ల బిడ్డకు కీడు జరిగిందని ఇవాళ ఒక్క తల్లయినా వచ్చి చెప్పిందా?" అన్నాడు నెమ్మదిగా.

ఎవరూ పిలవకుండానే ఆర్డిస్ లేచి నిలబడింది.

"వచ్చాను బాబూ. ఏటా నా బిడ్డ పరుపు మీద చల్లాను. వాడు దాని మీదే నోరు పెట్టుకు పడుకునేవాడు. చల్లింది నేనే, నా వంతు పాపం నేను మోస్తున్నాను. తెలిసి తెలిసి డబ్బా నా చేతికిచ్చారే, ఆ వంతు ఎవరు మోస్తారు?"

అతను కాగితాలు సర్దుకున్నాడు.

ఆ సాయంత్రమే సంఘం ఓటుతో గుడ్డల స్ప్రేలు కూడా నిషేధంలో చేరాయి. అయితే పాపం, కంపెనీలకు ఇబ్బంది కలగకూడదు గదా అని, అమలుకు ఏడేళ్లు గడువిచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఏడేళ్లంటే ఎప్పటికే?" అంది ఆర్డిస్ కారెక్కుతూ.

కిర్‌స్టెన్ పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "అప్పటికి వీడు తివాచీ మీద పాకడం మానేసి, బడికి పోతుంటాడు నాన్నమ్మా."