క్రేనక్క కొన్న దుర్భిణి

ఆవిడ అసలు పేరు జీతాలు రాసే గుమాస్తాకి తప్ప సైటులో ఇంకెవరికీ తెలీదు. అందరికీ క్రేనక్కే. ఇరవై ఆరేళ్ళు టవర్ క్రేను నడిపింది మరి! పొద్దున నిచ్చెన ఎక్కిందంటే మళ్ళీ సాయంత్రమే నేల మీద కాలు మోపేది. పైన గాజు గదిలో ఒక కుర్చీ, రెండు లీవర్లు, మంచినీళ్ళ సీసా. అంతే ఆవిడ రాజ్యం. టన్నుల బరువున్న దూలాన్ని కింద మేస్త్రీ చెప్పిన చోట చెప్పినట్టు దించేది. అక్కా, ఒక్క అంగుళం ఎడమకి అంటే ఒక్క అంగుళమే జరిపేది. చెప్పొద్దూ, ఆ చేతులంటే ఆవిడకి కాస్త గర్వం కూడాను.

ఈ ఏడు మోకాళ్ళు మొరాయించాయి. ఇకమీదట నిచ్చెన మాట ఎత్తావో కాళ్ళ మీద ఆశ వదులుకోవాల్సిందే అన్నాడు డాక్టరు. కంపెనీవాళ్ళు మంచివాళ్ళే, పని తీసెయ్యలేదు. కింద స్టోరు గదిలో కూర్చోబెట్టారు. హెల్మెట్లు, చేతి తొడుగులు ఇచ్చి సంతకాలు పెట్టించుకోవడం. అందరూ అదృష్టమన్నారు. అవును, అనేవాళ్ళకేం!

ఆవిడ బాధ వేరే. సైటుకి ఎదురుగా ఒక పాత మేడ ఉంది. దాని పద్నాలుగో అంతస్తు సన్‌షేడు మీద మూడేళ్ళుగా ఒక డేగల జంట గూడు పెడుతోంది. క్రేను గదీ ఆ గూడూ ఒకే ఎత్తులో ఉంటాయి. మధ్యలో గాలి తప్ప ఏమీ లేదు. పొదగడం, పిల్లలకి మాంసం చీల్చి పెట్టడం, పెద్దయిన పిల్లలు మొదటిసారి ఎగరడం, అన్నీ ఇరుగుపొరుగు సంగతుల్లా చూసేది. ఈసారి గుడ్లు పెట్టిన నాలుగో రోజునే ఆవిడని కిందకి దించేశారు. ఇప్పుడు స్టోరు గుమ్మంలో నుంచుని తలెత్తితే సన్‌షేడు అంచున రెండు చుక్కలు. పిల్లలు పెద్దవయ్యాయన్నమాట! ఇంకో పదిరోజుల్లో ఎగిరిపోతాయి. ఎగిరే ఆ ఒక్క క్షణం చూడకపోతే ఈ ఏడంతా వృథా అనిపించింది ఆవిడకి. అన్నం కూడా సయించలేదు.

అందుకే కెమెరాల షాపుకి వెళ్ళింది. ముసలాయన షాపు.

"ఏం చూడటానికమ్మా?" అన్నాడాయన.

"డేగ పిల్లల్ని. రెండొందల గజాల దూరం, పద్నాలుగో అంతస్తు."

ఆయన ఒక నల్లటి దుర్భిణి తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది ఎనిమిది రెట్లు చూపిస్తుంది. ముందు అద్దం నలభై రెండు మిల్లీమీటర్లు, వెలుతురు బాగా వస్తుంది. పక్షులకి ఇదే సరి."

"ఎనిమిదా? అదిగో, ఆ పక్కదాని మీద ఇరవై అని ఉందిగా!"

"ఇరవై చేత్తో పట్టుకుని చూసేది కాదమ్మా. స్టాండు కావాలి."

"బాబాయ్, ఐదు టన్నులెత్తాలంటే మేం పది టన్నుల క్రేను పెడతాం. ఎప్పుడైనా ఎక్కువే మేలు."

ఇంకేం చెప్తాడు! తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో వాదించి గెలిచినవాడెవడు? ఇరవైదే చేతికిచ్చి, గీత పడకుండా వారంలోగా తెస్తే మారుస్తానని మాత్రం అన్నాడు.

మర్నాడు స్టోరు గుమ్మంలో నుంచుని దుర్భిణి కళ్ళకి పెట్టుకుంది. గూడు దొరకడానికే పావుగంట పట్టింది. దొరికింది కదా అనుకుంటే, సన్‌షేడు కుడికీ ఎడమకీ ఒకటే ఊగులాట! డేగ పిల్ల తోక కనబడితే తల కనబడదు, తల కనబడితే అది ముక్కో మూతో తెలీదు.

ఇంకెవరైనా అయితే విసుక్కుని దించేసేవాళ్ళు. క్రేనక్క దించలేదు. ఊగే బరువుతో ఏం చెయ్యాలో ఆవిడకి తెలీదా? కొక్కేనికి వేలాడే దూలం ఊగుతుంటే కంగారుపడకూడదు. గాలి తగ్గేదాకా ఓపిగ్గా ఆగాలి, అదే ఆగుతుంది. అలాగే ఆగింది. మూడు రోజులు ఆగింది, మహాతల్లి!

నాలుగో రోజు భర్త భోజనం క్యారియర్ పట్టుకొచ్చాడు. ఆయన దర్జీ. చూపంతా దారం మీదే ఉండే మనిషి.

"ఏం చేస్తున్నావే?"

"గాలి తగ్గాలని చూస్తున్నానయ్యా."

ఆయన చుట్టూ చూశాడు. "గాలెక్కడిదే? అదిగో, తీగ మీద ఆరేసిన చొక్కా కూడా కదలట్లేదు. ఊగుతోంది నీ చెయ్యి."

ఆ మాటకి ఆవిడ మొహం పాలిపోయింది. "నా చెయ్యా? నా చెయ్యి ఊగుతుందా?" అని గొడవకి దిగింది. గొడవ సగంలోనే ఏడ్చేసింది. మోకాళ్ళు పోతే పోయాయి, చేతులు కూడానా?

భర్త క్యారియర్ విప్పాడు. అన్నం తినిపించి, సాయంత్రం షాపుకి వెంటబెట్టుకెళ్ళాడు.

ముసలాయన నవ్వలేదు, నే చెప్పలేదూ అని కూడా అనలేదు. "అమ్మా, చెయ్యి అందరిదీ కదులుతుంది. నాదీ కదులుతుంది. ఇరవై రెట్లు చూపించేది ఆ కదలికని కూడా ఇరవై రెట్లు చేస్తుంది. పైగా కనబడే మేర ఇంతే అయిపోతుంది" అంటూ రెండు వేళ్ళు దగ్గరికి చేర్చి చూపించాడు. ఆవిడ ఆ ఎనిమిదిని మారుమాట్లాడకుండా తీసుకుంది.

మర్నాటి పొద్దున పని మొదలవకముందే ఇద్దరూ స్టోరు గుమ్మంలో ఉన్నారు. ఈసారి పిల్లలు చిన్నగా కనబడ్డాయి గానీ నిలకడగా కనబడ్డాయి. ఛాతీ మీద గోధుమ రంగు చారలు, పసుపు కాళ్ళు. వాటి పక్కన గోడ, ఆకాశం, ఇటు క్రేను గది అద్దాలు కూడా అందులోనే. ఒక పిల్ల అంచుకి వచ్చింది. రెక్కలు విప్పి మూసింది. మళ్ళీ విప్పింది. దూకింది.

"అయ్యో, పడిపోయిందే!" అన్నాడు దర్జీ.

"పడలేదయ్యా, ఆగు!"

రాయి పడ్డట్టు రెండంతస్తులు జారింది. రెక్కలు అడ్డదిడ్డంగా కొట్టుకుంది. మూడో అంతస్తు జారేలోగా గాలి అందింది. ఒక్కసారి వంపు తిరిగి పైకి లేచింది. పైనుంచి చూసినప్పుడల్లా పిల్ల దూకగానే క్రేను గది అంచు కిందకి జారి మాయమైపోయేది, మళ్ళీ పైకొచ్చేదాకా ఆవిడ ప్రాణం గిలగిల్లాడేది. మధ్యలో ఏం జరుగుతుందో చూడటం ఇదే మొదలు.

ఆవిడ దుర్భిణి దించలేదు. గాజు గదిలో అప్పుడే ఎక్కి కూర్చున్న కొత్త డ్రైవరమ్మాయి కుర్చీలోంచి సగం లేచి, అద్దానికి మొహం ఆనించి కిందకి వెతుకుతోంది.

"చూశావా, పైనున్నవాళ్ళకి లేని భాగ్యం నీకు దక్కింది" అన్నాడు భర్త సంబరంగా.

"దక్కింది, కాదనను" అంది క్రేనక్క. కళ్ళు తుడుచుకోను కూడా లేదు. "కానీ ఎవరైనా మార్చుకుంటానంటే ఈ భాగ్యం ఇప్పుడే ఇచ్చేస్తానయ్యా. ఆ డ్రైవరమ్మాయి కూర్చున్నచోట కూర్చుని, ఏమీ కనబడక, డేగ పిల్ల మళ్ళీ పైకొచ్చేదాకా ఊపిరి బిగబట్టుకోవాలనుంది నాకు."