పేరు రాయని పీపాలు

నిజాం సైన్యం లొంగిపోయాక బోయిగూడ గోదాములో పేరు రాయని పీపాలు మిగిలాయి. లోపల ముదురుపాకంలాంటి నల్లటి రసాయనం. అది నీటికన్నా తేలికైతే, నిప్పంటుకున్నప్పుడు నీళ్లు పోయకూడదు; పైన తేలుతూ మంట పాకుతుంది. అందుకే దాని సాంద్రత సాయంత్రానికల్లా చెప్పమని రసాయనాలు పరీక్షించే నాకు పురమాయించారు కొత్త అధికారి.

ఇవాళ సాంద్రత కొలిచే గాజుగొట్టాన్ని అందులో దించాను. ఆ చిక్కదనానికి ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది. ఆ రసాయనాన్నే కాస్త నీళ్లలో వేసి చూస్తే ఒక ముద్ద తేలింది, మరొకటి మునిగింది. లోపలంతా గాలి బుడగలు!

"జెర వేడిజేయుండ్రి సాబ్, పల్చగైతది," అన్నాడు చౌకీదారు ఖాజామియా.

"అంటుకుంటే ఎట్ల ఆర్పాల్నో తెల్వకుండ పొయ్యి ఎట్ల ముట్టిస్త మియా?" అన్నాను.

ఎండలో పెడదామంటే ముసురు. చేసేదేమీ లేక తాళం వేసి బయటికొచ్చాను. గోదాము గోడకానుకున్న ఇళ్లలో అప్పటికే వంటకు పొయ్యిలు రాజేస్తున్నారు. ఏ అంకె చూపించి ఆ పొయ్యిలు ఆర్పమనను? మీరైతే ఏం చేసేవారు?