లూసర్న్ చేనులో ఎండు పట్టీలు

ఈ ఉదయం మా ఇంటివాళ్ళ ఫోన్ గ్రూపులో వదిన ఫోటో వచ్చింది. పక్క మండలంలో ఎవరి గడ్డి చేనులోనో పైపులు పరచడం చూపిస్తూ, కొంగు నడుముకు చుట్టి, భుజాన పైపుతో నిలబడి ఉంది. అందరూ మెచ్చుకుంటూ రాశారు, నేనొక్కదాన్నే ఏమీ రాయక పాత డైరీ వెతకడానికి లేచాను. నా ఈడు వాళ్ళకు చెబితే అర్థమవుతుందేమో, కొన్ని అసూయలు వయసుతో చల్లారవు, మర్యాద నేర్చుకుంటాయంతే.

తెలంగాణ వచ్చిన కొత్తలో, వ్యవసాయ డిప్లొమా పూర్తిచేసి నేను తొలి ఉద్యోగంలో చేరాను. కోస్గి దగ్గర మా ఊరి చివర, నాపరాయి తీసి వదిలేసిన పాత గనిని మట్టితో పూడ్చి, పాడి పశువులకు లూసర్న్ గడ్డి పెంచుకొమ్మని ఊరి మహిళా సంఘానికి ఇచ్చారు. ఒకసారి విత్తితే మూడేళ్ళపాటు కోసినకొద్దీ చిగురించే గడ్డి అది. అడుగున రాళ్ళున్న ఆ పూడిక నేలలో కాలువ పారిస్తే నీళ్ళన్నీ ఒకేచోట ఇంకిపోతాయి కనుక స్ప్రింక్లర్లు పెట్టాలన్నారు, పైపులు ఎక్కడెక్కడ పరచాలో గీసే పని నాకు అప్పగించారు. నలుగురిలో నోరు విప్పలేని నాకు, కాగితం మీదైనా నా మాట చెల్లుతుందన్న ఆశ అది. నాయిన ఒక్కసారి నా గీతలు చూసి తలూపితే చాలనుకున్నాను.

మా అన్న భార్య, అదే మా వదిన, పదో తరగతి దాటలేదు, కానీ సంఘంలో ఆమె మాటే ముందు. నేనూ నాయినా సంఘం ఆడవాళ్ళతో కలిసి చేను కొలవడానికి వెళ్ళిన రోజు ఆమె ఒక సంచి నిండా పొయ్యి బూడిద మోసుకొచ్చింది. నీళ్ళు చిమ్మే నాజిల్ ఒక్కటి తిప్పించి, దాని చుట్టూ గుప్పెడు గుప్పెడుగా కుప్పలు పెట్టించింది. కాసేపయ్యాక చూస్తే గాలివాటు పక్క కుప్పలు ముద్దయ్యాయి, ఎదురు పక్కవి దుమ్ములాగే ఉన్నాయి.

“పిల్లా, గీ దిబ్బ మీద గాలి ఊకోదు. నువ్వు గీసినట్టు రెండు పైపులకొక నాజిల్ పెడితే నడుమ ఎండుతది. పైపుకొకటి పెట్టు,” అంది.

నాయిన ఒక కుప్పను కాలితో మెదిపి చూసి, “సదువు నా బిడ్డది, తెలివి నా కోడలిది,” అని నవ్వాడు.

“గట్లయితే జీతం గూడ కోడలికే ఇయ్యమనుండ్రి,” అని ఒకామె అందుకుంది. అందరూ నవ్వారు.

వదిన చెప్పింది నిజమని నాకు తెలుసు. గాలి ఉన్నచోట నాజిళ్ళు దగ్గరగా ఉండాలని నేను చదివిన పుస్తకంలోనే ఉంది, నేను మరచిన దాన్ని ఆమె బూడిదతో కనిపెట్టింది. అయినా మర్నాడు నా పాత గీతలే మార్చకుండా ఆఫీసులో ఇచ్చేశాను. మార్చినవా అని వదిన అడిగితే తలూపాను. ‘ఇదొక్కటైనా నాదిగా ఉండనీ’ అని డైరీలో రాసుకున్నాను.

విత్తిన కొన్ని వారాలకు పచ్చటి చేనులో ఎండు పట్టీలు తేలాయి, చీరకు తప్పుగా నేసిన అంచుల్లా. విత్తనం వృథా అయిందని, తప్పు నా గీతల్లోనే ఉందని సంఘం ఆడవాళ్ళంతా చేనులోనే నన్ను నిలదీశారు.

“పిల్ల గీసింది మంచిగనే ఉన్నది. ఆడాడ నేనే పల్చగ చల్లిన,” అంది వదిన, నావైపు చూడకుండానే.

“గింత తెలివి పెట్టుకొని చల్లుడు రాలేదా నీకు?” అని ఒకామె ఎత్తిపొడిచింది. ఆ తర్వాత చాలా రోజులు నాయిన కోడలి తెలివిని మెచ్చుకోవడం మానేశాడు. వదిన చడీచప్పుడు లేకుండా నాజిళ్ళు దగ్గర చేయించి, ఎండిన పట్టీల్లో మళ్ళీ విత్తింది. నేను బతికిపోయాననుకోవాలి, సిగ్గుపడాలి. కానీ డైరీలో ఆనాటి పేజీ నిజం చెబుతుంది: తెలివి చాలదన్నట్టు ఆ మనసు కూడా ఆమెకే ఉండాలా అని ఏడ్చాను.

ఇప్పుడు అంతా మారిపోయింది. చేను కొలతలు ఫోన్లోనే వస్తాయి, గీతలు కంప్యూటరే గీస్తుంది, నేను ఆఫీసులో కూర్చుని సంతకం పెడతాను. కాదనేవాళ్ళు లేరు, నా తప్పును తనమీద వేసుకునేవాళ్ళూ లేరు. మా ఊళ్ళో మాత్రం ఎవరి మడిలోనైనా మొలకలు పలచబడితే, ఇది మీ వదిన చల్లినట్టుందే అని నాతోనే పరిహాసమాడతారు. వదిన పక్కనే ఉంటే తనూ నవ్వుతుంది. నేనూ నవ్వేసి ఊరుకుంటాను.